కాలేజీ పిల్లలు, ఆత్మహత్య ఆలోచనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది చదువుతున్న మీకే చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే, కింది ప్రశ్నలన్నీ తర్వాత చూడొచ్చు. ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కి ఫోన్ చేయండి. పగలైనా అర్ధరాత్రయినా ఎత్తుతారు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ లోపు గదిలో ఒంటరిగా ఉండకండి. పక్క గది తలుపు కొట్టి "కాసేపు నా దగ్గర కూర్చో" అనండి చాలు, ఎందుకో తర్వాత చెప్పొచ్చు. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి గానీ 112కి గానీ చేయండి.

నేను డాక్టర్ని కాను. ఇంటర్ పిల్లలకు కొన్నేళ్లు, ఇంజనీరింగ్ పిల్లలకు కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. మధ్యలో హాస్టల్ బాధ్యత కూడా చూశాను. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, తోటి లెక్చరర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలివి.

ఇది నిజంగా అంత పెద్ద సమస్యా, లేక టీవీల్లో ఎక్కువ చేసి చూపిస్తున్నారా?

పెద్ద సమస్యే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2021లో దేశంలో 13,089 మంది, 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అంటే రోజుకు ముప్పై అయిదు మందికి పైగా. ఇవి పోలీసు రికార్డుల్లోకి ఎక్కినవి మాత్రమే. ఊళ్లో "కడుపునొప్పి తట్టుకోలేక" అని రాయించినవీ, పరువు కోసం దాచినవీ ఈ అంకెల్లోకి రావు.

సుప్రీంకోర్టు 2025 మార్చిలో ఈ విషయం మీద జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. అదే ఏడాది జులైలో విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ రెండో తీర్పుకు మూలం మన విశాఖపట్నమే. అక్కడ నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి నడిపిన కేసు అది.

మార్కులు తక్కువ రావడమే కారణమా?

పేపర్లో అలాగే రాస్తారు, "పరీక్షలో ఫెయిలయ్యానని మనస్తాపంతో" అని ఒక్క వాక్యంలో. కానీ ఫెయిలైన పిల్లలు లక్షల్లో ఉంటారు. వాళ్లలో చాలామంది రెండు రోజులు ఏడ్చి, సప్లీకి ఫీజు కట్టుకుంటారు. ఒక బిడ్డ ప్రాణం మీదికి వచ్చిందంటే మార్కుల వెనక ఇంకేవో పేరుకుని ఉంటాయి. ఎవరూ గుర్తించని డిప్రెషన్ ఉండొచ్చు. ర్యాగింగ్, కులం పేరుతో అవమానాలు, ప్రేమ వ్యవహారం, ఇంట్లో గొడవలు, యాప్‌లో చేసిన అప్పు, నిద్ర లేని నెలలు ఉండొచ్చు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో ఊరి మొత్తానికి ఫస్టు వచ్చి, ఇక్కడ క్లాసులో నోరు విప్పలేక ముడుచుకుపోయిన అబ్బాయి కథ ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది.

నేను చూసినంతలో వీటన్నిటికంటే బరువైనది ఇంటికి చెప్పిన అబద్ధం. నాలుగు సబ్జెక్టులు పోతే ఒకటే పోయిందంటారు. ఫీజు డబ్బు వేరేగా ఖర్చయితే కట్టేశానంటారు. ఆ అబద్ధం బయటపడే రోజు దగ్గరపడే కొద్దీ, ఎదురుగా వేరే దారి లేనట్టు కనిపిస్తుంది. నాన్న ముందు నిలబడి నిజం చెప్పడం కంటే చనిపోవడం తేలికనిపించే స్థితికి పిల్లలు వస్తారు. వాళ్ల భయం మార్కుల కంటే మన మొహం గురించే ఎక్కువ. ఈ పేజీలో తల్లిదండ్రులకు నేను చెప్పే మాటలన్నీ ఇక్కడి నుంచి వచ్చినవే.

మార్కులే తప్పయ్యే రోజులూ ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో 99 వస్తే మెమోలో సున్నా పడింది. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది. ఆ పిల్లల్లో ఒక్కరికైనా పక్కన కూర్చుని "ఉండు, ముందు పేపరు తెప్పించి చూద్దాం" అనే మనిషి దొరికి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఏం చూసి అనుమానించాలి?

కొన్ని అందరికీ కనిపిస్తాయి. నిద్ర, తిండి మారిపోవడం, స్నానం మానేయడం, క్లాసులకు రాకపోవడం, ఫోన్ ఎత్తకపోవడం, ఊరికే చిరాకు పడటం, తాగుడు మొదలవడం లాంటివి. ఇవి రెండు వారాలు దాటి సాగుతుంటే ఊరికే వదలకూడదు.

మాటల్లో దొర్లేవి ఇంకొన్ని. మన పిల్లలు "చచ్చిపోతాను" అని నేరుగా అనడం తక్కువ. "నా వల్ల అందరికీ ఇబ్బందే." "నేను లేకపోతే మీకే హాయి." "ఎక్కడికైనా వెళ్లిపోవాలనిపిస్తోంది." "చెల్లిని బాగా చదివించండి." "నా గురించి ఇక బెంగ పెట్టుకోకండి." ఇలాంటివి నవ్వుతూ అన్నా, తాగి అన్నా, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా అసలు మాటగానే తీసుకోండి.

అన్నిటికంటే తేలిగ్గా తప్పిపోయే గుర్తు ఒకటుంది. చాలా రోజులు దిగులుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి నెమ్మదించడం. చుట్టూ ఉన్నవాళ్లు "హమ్మయ్య, తేరుకున్నాడు" అనుకుంటారు. ఒక్కోసారి లోపల నిర్ణయం అయిపోయి వచ్చిన నెమ్మది అది. మా హాస్టల్లో సెకండియర్ ఈసీఈ అబ్బాయి ఒకడు అలాగే నెమ్మదించాడు. నాకు అనుమానం రాలేదు. వచ్చింది మెస్‌లో వడ్డించే పెద్దాయనకి. సాంబారు బకెట్ కింద పెట్టి నా దగ్గరికొచ్చి, "సార్, ఆ బాబు నేనడక్కుండానే మూడు వందల నలభై బాకీ కట్టేశాడు. దండం పెట్టి మరీ వెళ్లాడు. నాకేం బాగాలేదు" అన్నారు. పైకెళ్లి చూస్తే టేబుల్ మీద ఏమీ లేదు. క్యాలిక్యులేటర్ జూనియర్‌కి ఇచ్చేశాడట. వారంలో పరీక్షలున్న కుర్రాడు క్యాలిక్యులేటర్ ఇచ్చేశాడు.

మెస్ వాళ్లు, వాచ్‌మెన్, బస్ డ్రైవర్లు, ఊడ్చే ఆంటీలు పిల్లల్ని మనకంటే ఎక్కువ గమనిస్తారు. కాలేజీల్లో శిక్షణ ఇస్తే ముందు వాళ్లకు ఇవ్వాలి.

సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

కాదు. ఈ భయం దాదాపు అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. దీని మీద జరిగిన పరిశోధనలు చెప్పేది ఇదే: అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, పెరగదు. ఉన్నవాళ్లకు మాత్రం బరువు కొంత దిగుతుంది. ఎవరికీ చెప్పలేని మాటను అవతలి మనిషే పైకి అన్నారు కదా.

డొంకతిరుగుడుగా అడగొద్దు. "అలాంటి పిచ్చి పనులేం చేయవు కదా?" అని అడిగితే "చేయను" అన్న జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. అది మీ భయం తీర్చుకోవడానికి అడిగిన ప్రశ్న. "రెండు వారాలుగా చూస్తున్నాను, నువ్వు సరిగా తినట్లేదు, ఎవరితోనూ మాట్లాడట్లేదు. చనిపోవాలనిపిస్తోందా?" అని మెల్లగా, నిదానంగా అడగండి. అడిగాక ఊరుకోండి. ఆ మౌనం నిమిషం సాగినా, రెండు నిమిషాలు సాగినా మీరు నింపకండి.

"అవును" అంటే? అప్పుడు నేనేం చేయాలి?

ముందుగా, కంగారు మొహంలో కనపడనివ్వకండి. "చెప్పావు, మంచి పని చేశావు" అనండి. ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నాడా అడగండి. అనుకుని ఉంటే, దానికి కావలసినవి దగ్గర పెట్టుకుని ఉంటే, అది అత్యవసరం. ఆ క్షణం నుంచి ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, బాత్రూమ్‌కి వెళ్లినా తలుపు బయట ఒకరుండాలి. ప్రమాదకరమైన వస్తువులేవైనా ఉంటే గదిలోంచి తీసేయండి. ఇద్దరు స్నేహితులు వంతులేసుకోండి. 14416కి స్పీకర్ పెట్టి కలిసి మాట్లాడొచ్చు. దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రి క్యాజువాలిటీకి నేరుగా తీసుకెళ్లొచ్చు.

చనిపోవాలన్న తీవ్రత అలలా వస్తుంది. చాలామందిలో ఆ శిఖర స్థాయి గంటల తరబడి కూడా నిలవదు. ఆ కాస్త సేపు మనిషికీ ప్రమాదానికీ మధ్య దూరం పెంచగలిగితే ప్రాణం నిలుస్తుంది. పల్లెటూళ్లలో సెలవులకొచ్చిన పిల్లలున్న ఇళ్లలో పొలం మందు డబ్బాలు పశువుల కొట్టంలో, మంచం కింద పెట్టకండి. ఇంటికి దూరంగా తాళం వేసి ఉంచండి, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. ఇంట్లో మాత్రలు కూడా అంతే. శ్రీలంకలో 1995 నుంచి బాగా విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చాక, ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా తగ్గింది. అక్కడి మనుషుల కష్టాలు తీరిపోలేదు. చేతికందే దూరం మారిందంతే.

ఇందాక చెప్పిన అబ్బాయిని ఆ రాత్రి నా గదిలోనే పడుకోబెట్టుకున్నాను. పొద్దున్న వాళ్ల నాన్నకు ఫోన్ చేశాం. ముందు నేను విషయం చెప్పి, ఫోన్ వాడికిచ్చాను. "నాన్నా, ఒకటి కాదు, నాలుగు పోయాయి" అన్నాడు. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆయన అడిగిన మొదటి మాట, "పొద్దున్నే ఏమైనా తిన్నావా?" వాడు అప్పుడు ఏడ్చాడు, అంతకు ముందు కాదు. ఆ సెమిస్టర్ ఇంటి దగ్గరే ఉండి, జిల్లా ఆస్పత్రిలో చూపించుకుని, తర్వాత తిరిగొచ్చి చదువుకున్నాడు.

మా ఫ్రెండ్ ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. చెప్తే మాట తప్పినట్టు కాదా?

ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. ప్రాణం విషయంలో రహస్యం ఉండదు. "నీ మీద కోపం తెచ్చుకున్నా ఫర్వాలేదు, నువ్వుంటే చాలు, ఈ మాట నేనొక్కదాన్నే మోయలేను" అని తనతోనే చెప్పి, ఇద్దరూ కలిసి నమ్మకమైన పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తననే ఎంచుకోమనండి. ఇంట్లోవాళ్ల వల్లే బాధ అయితే మేనమామో, పిన్నో, ఒక మేడమో ఎవరో ఒకరుంటారు. వారం రోజులు మాట్లాడకపోవచ్చు. మాట్లాడటానికి మనిషి ఉంటుంది కదా.

ఇంకో మాట, మీకు పందొమ్మిదేళ్లు. ఆమె బాధ్యత మొత్తం మీ ఒక్కరి మీద వేసుకోకండి. రాత్రుళ్లు మేలుకుని మీరు కాపలా కాయడం పరిష్కారం కాదు, పెద్దవాళ్లకు అప్పజెప్పడమే మీ పని.

ధైర్యం చెప్దామని ఏదో అంటాం, అది వికటిస్తోంది. ఏం అనకూడదు?

"నీకేం తక్కువ చేశాం?" "మీ వయసులో మేం పడ్డ కష్టాల ముందు ఇదెంత?" "పిరికివాళ్లే అలా చేస్తారు." "మీ అమ్మ గురించి ఆలోచించావా?" "పాజిటివ్‌గా ఉండు." ఇవన్నీ ప్రేమతోనే అంటాం. వినేవాళ్లకు మాత్రం "నీ బాధ తప్పు" అని వినపడుతుంది. అమ్మ గురించి వాళ్లు ఆలోచించకుండా ఉండరు. తాము లేకపోతే అమ్మకే సుఖం అన్న తప్పుడు లెక్క ఆ జబ్బులో భాగం.

"ఎకరం అమ్మి చదివిస్తున్నాం" అన్న మాట కూడా ఆపేయండి. పిల్లలకు ఆ ఎకరం గురించి తెలుసు, రోజూ రాత్రి లెక్కేసుకుంటూనే ఉంటారు.

బదులుగా చెప్పడానికి పెద్ద మాటలేం అక్కర్లేదు. "చెప్పు, వింటున్నా." "ఎప్పటి నుంచి ఇలా ఉంది?" "ఇవాళ రాత్రి నీ దగ్గరే పడుకుంటా." ఇవి చాలు.

14416కి చేస్తే ఎవరెత్తుతారు? పోలీసులు ఇంటికొస్తారా?

అది టెలీ మానస్, కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. 1800 891 4416 కూడా దానిదే. ముందు భాష ఎంచుకోమంటుంది, తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ లైన్లోకి వస్తారు. అవసరమైతే మానసిక వైద్యుల్ని కలుపుతారు, మీ దగ్గర్లో ఎక్కడ చూపించుకోవాలో చెప్తారు. పోలీసు లైను కాదు. కాలేజీకి కబురు పెట్టరు. ఏం మాట్లాడాలో తెలియకపోతే "నాకు బాగాలేదు, ఎలా చెప్పాలో తెలియట్లేదు" అని మొదలుపెట్టండి. మొదటిసారి లైను కలవకపోతే వెంటనే మళ్లీ చేయండి. స్నేహితుడి కోసం గానీ, మీ అబ్బాయి కోసం గానీ సలహా అడగడానికి కూడా చేయొచ్చు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు 1098 కూడా ఉంది.

ఈ నంబర్లు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి, "టెలీ మానస్" అని పేరు పెట్టడం ఇబ్బందైతే "అక్క" అని పెట్టుకోండి. మా పిల్లలు కొందరు అలాగే పెట్టుకున్నారు.

ప్రయత్నించి బతికితే కేసు పెడతారా?

ఈ భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేసే కుటుంబాలున్నాయి. ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. చికిత్స ఇచ్చి మళ్లీ అలా జరగకుండా చూసుకోవడం ప్రభుత్వ బాధ్యత అని కూడా అందులోనే ఉంది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జులై 1న వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో లేదు. ఆస్పత్రిలో మెడికో లీగల్ కేసని రాసుకుంటారు, పోలీసులు వచ్చి నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. అంతమాత్రాన మీ బిడ్డ నిందితుడు కాడు.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే పిచ్చి అని ముద్ర వేయరా? ఆ మందులు అలవాటైపోతాయంటారు కదా?

ముద్ర వేసేవాళ్లు ఉంటారు, లేరని చెప్పను. కానీ ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లను ఎగతాళికి వాడుకున్న తరం మనది, ఆ తప్పు మనది. ఇప్పుడు ఆ ఆస్పత్రుల ఓపీ లైన్లో బీటెక్ ఐడీ కార్డులు మెళ్లో వేసుకున్న పిల్లలు నిలబడుతున్నారు. ప్రభుత్వ బోధనాస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, ఓపీ చీటీ తీసుకుని వెళ్లడమే. ఊళ్లో తెలిసిపోతుందని భయమైతే పక్క జిల్లాకు వెళ్లండి. చికిత్స వివరాలు రహస్యంగా ఉంచడం చట్టప్రకారం రోగి హక్కు.

డిప్రెషన్ మందులు మత్తుమందులు కావు. పని చేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామంది పది రోజులు వేసుకుని "ఏం తేడా లేదు" అని మానేస్తారు. ఆ పని చేయొద్దు, మధ్యలో ఉన్నట్టుండి ఆపడమూ మంచిది కాదు. పాతికేళ్లలోపు వాళ్లలో మందులు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి గాభరా, ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అందుకని ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు దగ్గరుండి గమనించాలి, తేడా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మాత్రల స్ట్రిప్పులు పిల్లల దగ్గర కాకుండా పెద్దవాళ్ల దగ్గర ఉంచండి. కొందరికి మందులే అక్కర్లేదు, మాటల చికిత్స సరిపోతుంది. అది డాక్టరు తేల్చాలి.

తాయెత్తు కట్టించడం, దిష్టి తీయడం మీకు ఊరటనిస్తే చేసుకోండి, నేను కాదనను. ఆస్పత్రికి వెళ్లడం మాత్రం వాయిదా వేయొద్దు.

రిజల్ట్స్ వచ్చే రోజు తల్లిదండ్రులుగా మేమేం చేయాలి?

రిజల్ట్‌కి ముందు రోజు రాత్రి అన్నాలు తినేటప్పుడు చెప్పండి: "ఎలా వచ్చినా రేపు సాయంత్రం మనం ఇలాగే కూర్చుని తింటాం." ఆ మాట అమ్మ అంటే సరిపోదు, ఇంట్లో పిల్లలు ఎవరికి భయపడతారో ఆ మనిషే అనాలి.

ఆ రోజు ఇంట్లో ఒకరుండండి. ఎవరూ లేని ఇంట్లో పిల్లలు ఒక్కరే ఫోన్ పట్టుకుని హాల్‌టికెట్ నంబర్ కొట్టే పరిస్థితి రానివ్వకండి. బంధువుల ఫోన్లు మీరే ఎత్తండి, లేదా కట్టేయండి. ఆ రోజు టీవీలో ర్యాంకుల ప్రకటనలు "ఒకటి, ఒకటి, రెండు, మూడు" అని అరుస్తుంటాయి, ఆపేయండి. హాస్టల్లో ఉంటే ముందు రోజే ఇంటికి తెచ్చుకోండి.

తప్పితే ఆ రోజు ఏమీ నిర్ణయించొద్దు. ఇంటర్లో ఫెయిలైతే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. మే, జూన్లలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి పాసైతే అదే ఏడాది డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరొచ్చు, సంవత్సరం పోదు. డిటెండ్ అయితే ఒక ఏడాది పోతుంది, అంతే పోతుంది. ఇవన్నీ మీకు తెలిసినవే. కానీ పరీక్ష పోయిన క్షణంలో ఆ పిల్లకు ఒక్కటీ గుర్తురాదు, మీరు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చెప్పాలి.

బెట్టింగ్ యాప్‌లో డబ్బు పోయింది. లోన్ యాప్ వాళ్లు ఫొటోలు మార్ఫ్ చేసి అందరికీ పంపుతామంటున్నారు. బతికి లాభం లేదనిపిస్తోంది.

మీరు ఇక్కడ బాధితులు, వాళ్లు నేరస్థులు. 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల నంబరు. బెదిరింపుల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, ఇంకో రూపాయి కూడా కట్టకండి. కట్టే కొద్దీ అడుగుతారు. ఆ తర్వాత ఇంట్లో ఒక్కరికి చెప్పండి. వాళ్ల బెదిరింపుకు బలమంతా మీరు ఎవరికీ చెప్పరన్న నమ్మకం మీదే ఉంది. పరిచయస్తుడే వీడియోలతో బెదిరిస్తున్నా ఇదే దారి, అమ్మాయిలు 181కి కూడా చేయొచ్చు. ర్యాగింగ్ అయితే 1800 180 5522, రోజంతా పనిచేస్తుంది.

కాలేజీ యాజమాన్యం చేయాల్సినవి ఏమిటి? అడిగే హక్కు మాకుందా?

ఉంది. 2025 జులై తీర్పు ప్రకారం వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ లాంటి నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనపడేలా పెట్టాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందు అవమానించడం, మోయలేని టార్గెట్లు పెట్టడం మానుకోవాలి.

ఈ బ్యాచ్‌లు విడగొట్టడం, అవమానించడమే మన దగ్గర అసలు సమస్య. వీకెండ్ టెస్టులో ఇరవై మార్కులు తగ్గితే సోమవారం పొద్దున్నే పుస్తకాల సంచి, వాటర్ బాటిల్ పట్టుకుని అందరూ చూస్తుండగా కింది సెక్షన్‌కి నడిచి వెళ్లిన పిల్లల్ని నేను చూశాను. పదహారేళ్ల వయసు. అటెండర్ ముందు నడుస్తుంటే వెనక తల వంచుకుని. ఆ పద్ధతి మంచిదేనని నేనూ కొన్నాళ్లు నమ్మాను, స్టాఫ్‌రూమ్‌లో సమర్థించాను కూడా. అది తప్పు.

అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఏసీ ఉందా అని అడిగినట్టే ఇవీ అడగండి: మీ కౌన్సెలర్ ఎవరు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా ఉంటారు? మా అమ్మాయి నాతో వారానికి ఎన్నిసార్లు, ఎవరూ వినకుండా మాట్లాడొచ్చు? ఆదివారం అయిదు నిమిషాలు, వెనక ముప్పై మంది లైనులో ఉండగా, వార్డెన్ పక్కన నిలబడి ఉండగా మాట్లాడే ఫోన్లో ఏ బిడ్డా "అమ్మా, నాకు బాగాలేదు" అని చెప్పలేదు.

మా అబ్బాయి అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాడు. ఇక్కడి నుంచి మేమేం చేయగలం?

అప్పు, పార్ట్‌టైమ్ ఉద్యోగం, వీసా టెన్షన్, చలికాలం చీకటి అన్నీ కలిసి మీద పడతాయి. పైగా "ఫారిన్‌లో ఉన్నాడు" అన్న పేరు ఇక్కడ ఊళ్లో మోగుతుంటుంది కాబట్టి నిజం చెప్పలేడు. అమెరికాలోనూ కెనడాలోనూ 988, బ్రిటన్‌లో 116 123, ఆస్ట్రేలియాలో 13 11 14 ఉచితంగా పలికే నంబర్లు. యూనివర్సిటీల్లో విద్యార్థులకు కౌన్సెలింగ్ సెంటర్లుంటాయి, ఆ ఖర్చు చాలాచోట్ల ఫీజులోనే కలిసి ఉంటుంది. రూమ్‌మేట్ల నంబర్లు రెండు మీ దగ్గర ఉంచుకోండి. వీడియో కాల్‌లో ఉద్యోగం సంగతి కాకుండా ఇవాళ ఏం వండుకున్నావని అడగండి. "అక్కడ కుదరకపోతే వచ్చెయ్, అప్పు సంగతి మనం చూసుకుందాం" అన్న మాట ఒక్కసారైనా మీ నోటి నుంచి వినాలి వాడు.

మా క్లాస్‌మేట్ చనిపోయాడు. మేమేం చేయాలి? స్టేటస్ పెట్టొచ్చా?

ఏడవండి. గుర్తుచేసుకోండి. ఎలా చనిపోయాడో మాత్రం రాయకండి, చివరి ఉత్తరం, ఆ చోటి ఫొటో పంచుకోకండి. అదే అంచున ఉన్న ఇంకో పిల్లవాడి చేతికి అది దారి చూపిస్తుంది. "ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడు" అని కూడా రాయకండి. వాడు బాగా బొమ్మలేసేవాడని రాయండి, కింద 14416 రాయండి.

ఇంకొకటి, పేపర్లో రాసినట్టు "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అనొద్దు. దొంగతనానికి పాల్పడ్డాడు, అవినీతికి పాల్పడ్డాడు అంటాం. నేరాలకు వాడే మాట అది. మీ స్నేహితుడు నేరం చేయలేదు. "ఆత్మహత్యతో చనిపోయాడు" అనండి.

"ఆ రోజు నేను ఫోన్ ఎత్తి ఉంటే" అన్న ఆలోచన వస్తుంది, చాలా కాలం వస్తుంది. ఒక్క ఫోన్ కాల్ వల్ల ఇది జరగలేదు. ఆ ఆలోచన నిద్ర పట్టనివ్వకపోతే మీరూ కౌన్సెలర్ని కలవండి.

ప్రయత్నించి బతికి తిరిగొచ్చిన స్నేహితుడైతే, గుచ్చి గుచ్చి అడగకండి, దూరంగానూ ఉండకండి. మామూలుగా పక్కన బెంచీలో చోటు ఉంచండి. ఇంటికొచ్చిన తొలి వారాలు, తొలి నెలలు మళ్లీ ప్రమాదం ఎక్కువగా ఉండే కాలం, డాక్టరు దగ్గరికి వెళ్లే తేదీలు తప్పకుండా చూడండి.

నాకే అలా ఉంది. ఎవరికైనా చెప్పాలనుంది, నోరు రావట్లేదు. ఎలా మొదలుపెట్టాలి?

నోరు రాకపోతే మెసేజ్ పెట్టండి. మాటలు వెతుక్కోవద్దు, ఇది కాపీ చేసుకోండి:

"కొన్ని రోజులుగా నాకు అస్సలు బాగాలేదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయి. భయంగా ఉంది. సలహాలేం వద్దు, నా దగ్గరికొచ్చి కాసేపు కూర్చుంటావా? తర్వాత డాక్టర్ దగ్గరికి తోడు రావాలి."

అమ్మకు పంపొచ్చు, అన్నయ్యకు పంపొచ్చు, ఎప్పుడో ఒకసారి బాగా మాట్లాడిన లెక్చరర్‌కి పంపొచ్చు. అర్ధరాత్రి రెండింటికైనా ఫర్వాలేదు, నిద్రలేపినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. పది నిమిషాల్లో జవాబు రాకపోతే అదే మెసేజ్ ఇంకొకరికి పంపండి, ఆ లోపు 14416కి చేయండి. గది తలుపు గడియ తీసి ఉంచండి.